ఇంట్లో ఆర్‌ఓ వాటర్ ప్యూరిఫయర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్‌ఓ కొనాలా వద్దా, కొన్నాక ఇన్ని నీళ్లు మోరీలోకి పోతున్నాయేంటి, ఈ నీళ్లు తాగితే ఎముకలు బలహీనపడతాయట నిజమేనా... ఎవరు పలకరించినా ఇవే సందేహాలు. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు, వరుసగా చదవాల్సిన పని లేదు. నా మాట మాత్రం మొదటే చెప్తాను: ముందు మీ నీళ్ల సంగతి తెలుసుకోండి, మిషన్ సంగతి ఆ తర్వాత. నీళ్లను బట్టి ఆర్‌ఓ కొన్ని ఇళ్లకు ప్రాణాధారం, కొన్ని ఇళ్లకు అనవసరపు ఖర్చు.

## కొనే ముందు

మా ఇంటికి ఆర్‌ఓ అసలు అవసరమా?

నీళ్లలో కరిగి ఉన్న లవణాలను తీసేయడం ఆర్‌ఓ (రివర్స్ ఆస్మాసిస్) ప్రత్యేకత. కాబట్టి మీ నీళ్లలో అవి ఎక్కువగా ఉంటేనే దాని అవసరం. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాల మొత్తం, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. కృష్ణా, గోదావరి లాంటి నదుల నీటిని శుద్ధి చేసి కుళాయిల్లో ఇచ్చే ఊళ్లలో టీడీఎస్ సాధారణంగా 500 దాటదు. అలాంటి ఇంటికి యూవీ (అతినీలలోహిత దీపం) లేదా యూఎఫ్ (సన్నటి జల్లెడ) ఫిల్టర్ చాలు. బోరు నీళ్లే ఆధారమైతే లెక్క మారుతుంది. ఒక్కోసారి టీడీఎస్ 400 ఉన్నా ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటి ఉండొచ్చు, నైట్రేట్ 45 దాటి ఉండొచ్చు. అప్పుడు టీడీఎస్ తక్కువే కదా అని ఊరుకోకూడదు, ఆర్‌ఓ కావాల్సిందే.

టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది. మిషన్లు వృథా చేసే నీళ్లే దానికి కారణం.

టీడీఎస్ మీటర్ కొన్నాను. ఇక ల్యాబ్ టెస్ట్ ఎందుకు?

పెన్ను లాంటి ఆ మీటర్ కొలిచేది ఒక్కటే: నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతోంది అని. దాన్నే లెక్కగట్టి టీడీఎస్‌గా చూపిస్తుంది. ఆ లవణాల్లో మామూలు ఉప్పెంత, కాల్షియం ఎంత, ఫ్లోరైడ్ ఎంత అన్నది అది చెప్పలేదు. సూక్ష్మజీవులు, పురుగుమందులు దానికి అసలు కనిపించవు. డ్రైనేజీ నీళ్లు కలిసిన కుళాయి నీటిలో పెట్టినా 300 అనే చూపించవచ్చు.

బోరు ఉన్నవాళ్లు ఒక్కసారైనా ల్యాబ్‌లో పీహెచ్, టీడీఎస్, హార్డ్‌నెస్ (కాఠిన్యం), క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఐరన్, బ్యాక్టీరియా చూపించుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామీణ నీటి సరఫరా విభాగానికి నీటి పరీక్షా కేంద్రాలు ఉన్నాయి, ప్రైవేటు ల్యాబ్‌లూ ఉన్నాయి. బోరు కొన్ని నిమిషాలు వదిలేశాక, శుభ్రమైన సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు తొలిచి, అంచుదాకా నింపి ఇవ్వండి. బ్యాక్టీరియా పరీక్షకు మాత్రం ల్యాబ్ వాళ్లిచ్చే స్టెరిలైజ్ చేసిన సీసాలోనే పట్టాలి, దాన్ని తొలవకూడదు, అదే రోజు చల్లగా ఉంచి చేర్చాలి. ఎండాకాలంలో బోరు మట్టం పడిపోయినప్పుడు మరోసారి చూపించుకుంటే ఇంకా మంచిది, అంకెలు బాగా మారుతుంటాయి.

సేల్స్‌మ్యాన్ మా కుళాయి నీళ్లలో కరెంటు పెడితే ఎర్రటి మురికి తేలింది. మా నీళ్లు అంత చెడ్డవా?

కాదు, భయపడకండి. ఆ పరికరం కింద రెండు జతల లోహపు కడ్డీలు ఉంటాయి, ఒకటి ఇనుము, ఒకటి అల్యూమినియం. ఒక జత మీ కుళాయి నీళ్ల గ్లాసులో, రెండోది ఆర్‌ఓ నీళ్ల గ్లాసులో దిగుతుంది. కుళాయి నీళ్లలో లవణాలు ఉంటాయి కాబట్టి కరెంటు బాగా పారుతుంది. అప్పుడు ఆ ఇనుప కడ్డీయే కరిగి, తుప్పు రంగులో తెట్టు కడుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు అంతగా పారదు, అందుకే అవి తేటగా ఉంటాయి. ఆ ఎరుపు మీ నీళ్లలోది కాదు, ఆ కడ్డీలోది.

నమ్మకం కుదరకపోతే ఆ ఆర్‌ఓ నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి, మళ్లీ కరెంటు పెట్టమనండి. అవీ ఎర్రబడతాయి. ఇలా జనాన్ని బెదిరించి మిషన్లు అమ్మడం నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే నిజంగా ఆర్‌ఓ కావాల్సిన ఊళ్లలో డబ్బుల్లేక కొనలేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

ఆర్‌ఓ, యూవీ, యూఎఫ్ అంటారు. దేనికేది వాడాలి?

యూవీ దీపం వెలుగుతో సూక్ష్మజీవులను చంపుతుంది, నీళ్లలోంచి దేన్నీ తీసేయదు. నీళ్లు మసకగా ఉంటే సరిగా పనిచేయదు. యూఎఫ్ సన్నటి రంధ్రాలున్న గొట్టాల జల్లెడ. మట్టినీ బ్యాక్టీరియానూ ఆపుతుంది, కరెంటు అక్కర్లేదు, కానీ కరిగిన ఉప్పును ఆపలేదు. కరిగినవాటిని తీసేది ఈ మూడింటిలో ఆర్‌ఓ ఒక్కటే. ఉప్పదనం, ఫ్లోరైడ్, నైట్రేట్ సమస్య అయితే ఆర్‌ఓ. కుళాయి నీళ్లకు క్రిముల భయమే అయితే యూవీ, యూఎఫ్ చాలు.

కాచి చల్లార్చిన నీళ్లు తాగితే సరిపోదా?

క్రిములకు సరిపోతుంది. అన్ని వైపులా బుడగలొచ్చేలా బాగా మరిగిస్తే కలరా, టైఫాయిడ్, కామెర్ల భయం ఉండదు. కాచినప్పుడు గిన్నె అడుగున తెల్లగా గార పడుతుంది చూడండి, కాల్షియం కొంత అలా విడిపోతుంది కాబట్టి కాఠిన్యమూ కాస్త తగ్గుతుంది. కానీ ఫ్లోరైడ్, నైట్రేట్, మామూలు ఉప్పు ఎక్కడికీ పోవు. పైగా నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినవాటిలో వాటి సాంద్రత కొంచెం పెరుగుతుంది కూడా.

మాది ఫ్లోరైడ్ ప్రాంతం. ఆర్‌ఓ ఫ్లోరైడ్‌ను తీసేస్తుందా?

తీసేస్తుంది. మంచి మెంబ్రేన్, అంటే మిషన్ లోపలి వడపోత పొర, ఫ్లోరైడ్‌ను 90 శాతానికి పైగా ఆపుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీరు 0.4 లోపుకు దిగుతుంది. ఆర్‌ఓ వల్ల తెలుగు నేలకు కలిగిన మేళ్లలో నేను మొదట చెప్పేది ఇదే.

మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొదట గుర్తించి 1937లో ప్రచురించింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. నల్లగొండ సంగతి చెప్పక్కర్లేదు. పళ్లమీద గోధుమరంగు చారలతో మొదలై, వెన్ను బిగుసుకుపోయి, కాళ్లు వంకర్లు తిరిగి, మంచానికే పరిమితమైనవాళ్లను మర్రిగూడ, మునుగోడు వైపు తరతరాలుగా చూశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ రూపొందిస్తే, దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు వచ్చే ఊళ్లలో తాగడానికీ వంటకూ ఆ నీళ్లే వాడుకోవడం మంచిది. ఇంకా బోరే దిక్కయిన చోట ఆర్‌ఓ వాడాలి.

మూడు జాగ్రత్తలు. తాగడానికే కాదు, అన్నం వార్చడానికి, పప్పుకు, టీకి కూడా ఆర్‌ఓ నీళ్లే వాడండి, లేకపోతే ఫ్లోరైడ్ కూడుతోపాటు లోపలికి పోతుంది. రెండోది చాలామందికి తెలియదు. మిషన్‌లో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. రుచి కోసం అది పచ్చి బోరు నీళ్లను కొంచెం శుద్ధి చేసిన నీళ్లలో కలుపుతుంది. ఫ్లోరైడ్ ఉన్న ఇంట్లో దాన్ని పూర్తిగా మూయించేయండి. తీసేసిన విషాన్ని మళ్లీ కలుపుకోవడం ఎందుకు? మూడోది, ఏడాదికోసారి మిషన్‌లోంచి వచ్చే నీళ్లనూ ల్యాబ్‌లో ఫ్లోరైడ్‌కు చూపించండి. ఇప్పటికే వంగిన ఎముకలను ఈ నీళ్లు సరిచేయలేవు. పెరిగే పిల్లలను మాత్రం కాపాడతాయి.

20 లీటర్ల క్యాన్ నీళ్లు కొంటున్నాం. అవీ ఆర్‌ఓ నీళ్లే కదా?

ప్లాంటులో వాడేది అదే పద్ధతి. తేడా వచ్చేది క్యాన్ దగ్గర. ఒకే క్యాన్ వందల ఇళ్లు తిరిగి వస్తుంది. లోపల వేడి నీళ్లతో, క్లోరిన్‌తో కడుగుతున్నారా, ఊరికే తొలిచి నింపేస్తున్నారా అన్నది ఒకసారి ప్లాంటుకు వెళ్లి చూడండి. సీల్ వేసి అమ్మే ప్యాకేజ్డ్ నీళ్ల మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 14543 అనే అంకె 2024 దాకా తప్పనిసరిగా ఉండాల్సినవి, ఇప్పుడు ఉన్నాయేమో చూసి తీసుకోండి. పచ్చబారిన క్యాన్, ఎండలో నిలబెట్టిన క్యాన్ తీసుకోకండి. ఇంటికి తెచ్చాక మూడు నాలుగు రోజుల్లో అయిపోయేలా చూసుకోండి.

## లోపల ఏం జరుగుతుంది

రివర్స్ ఆస్మాసిస్ అంటే ఏమిటో సులువుగా చెప్తారా?

మాగాయకు మామిడికాయ ముక్కల్లో ఉప్పు కలిపి జాడీలో పెడితే మర్నాటికి ముక్కలు నీళ్లలో తేలుతుంటాయి. ఆ నీళ్లు ముక్కల్లోంచి వచ్చినవే. పలుచటి పొర అడ్డుగా ఉన్నప్పుడు ఉప్పు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు నీరు తనంతట తానే వెళ్తుంది. అది ఆస్మాసిస్. ఉప్పు ఎక్కువున్న వైపు నుంచి గట్టిగా ఒత్తిడి పెడితే నీరు వెనక్కి, అంటే మంచినీళ్ల వైపుకు తిరుగుతుంది, ఉప్పు ఇవతలే ఆగిపోతుంది. ఇది రివర్స్ ఆస్మాసిస్.

ఎంత ఉప్పుంటే అంత ఒత్తిడి కావాలి. 1000 టీడీఎస్ ఉన్న బోరు నీటి సహజ ఎదురొత్తిడి ఒక బార్ (ఒత్తిడి కొలమానం) కంటే తక్కువే. ఇంటి మిషన్ పంపు నాలుగైదు బార్ ఇస్తుంది కాబట్టి సులువుగా పని జరుగుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, దాని ఎదురొత్తిడే 27 బార్ దాకా ఉంటుంది. అందుకే చెన్నై దగ్గర మీంజూరు, నెమ్మేలి ప్లాంట్ల లాంటి చోట్ల సముద్రపు నీటిని మంచినీరు చేయడానికి సాధారణంగా 55 నుంచి 70 బార్ ఒత్తిడితో నెట్టాలి. కరెంటు ఖర్చంతా అక్కడే.

దీన్ని కనిపెట్టిందెవరు?

ఆస్మాసిస్‌ను 1748లోనే ఫ్రాన్స్‌కు చెందిన నోలే గమనించాడు. నీళ్లు తగినంత వేగంగా దాటే పొరను తయారుచేసింది మాత్రం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్. అది 1950ల చివర, 1960ల మొదటి మాట. సౌరిరాజన్ మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్త. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న ఊరికి ఈ పద్ధతిలో తాగునీరు ఇవ్వడం మొదలైంది. ఈరోజు మన వంటింటి గోడమీద ఉన్న మెంబ్రేన్ పాలీఅమైడ్ అనే ప్లాస్టిక్ పొరది, ఆ తర్వాత వచ్చిన మెరుగైన రకం.

మిషన్‌లో అన్ని గొట్టాలు ఎందుకు? నీళ్లు ఏ దారిన వెళ్తాయి?

బయట వేలాడే తెల్లటి క్యాండిల్ ఇసుకనూ తుప్పునూ ఆపుతుంది. లోపల సెడిమెంట్ ఫిల్టర్ ఇంకా సన్నటి మడ్డిని పడుతుంది. తర్వాత కార్బన్ ఫిల్టర్. దాని ముఖ్యమైన పని వాసన తీయడం అనుకుంటారు కానీ, మెంబ్రేన్‌ను కాపాడటం అంతకంటే పెద్ద పని. కుళాయి నీళ్లలోని క్లోరిన్ పాలీఅమైడ్ పొరను తినేస్తుంది, ఆ క్లోరిన్‌ను కార్బనే పట్టుకుంటుంది. అక్కణ్నుంచి పంపు నీళ్లను మెంబ్రేన్‌లోకి ఒత్తుతుంది. మెంబ్రేన్‌ను విప్పి చూస్తే చుట్టచుట్టిన కాగితంలా పొర మీద పొర, మధ్యలో వల కనిపిస్తాయి. నడిమి గొట్టంలోకి మంచినీళ్లు చేరతాయి, మిగతావి ఉప్పును తీసుకుని వేస్ట్ పైపులోకి పోతాయి. ఆ వేస్ట్ పైపులో ఫ్లో రిస్ట్రిక్టర్ అనే చిన్న ముక్క ఉంటుంది. లోపల ఒత్తిడి నిలిచేది దానివల్లే. మంచినీళ్లు ఆఖరున మరో కార్బన్, యూవీ దాటి ట్యాంకులో పడతాయి. ట్యాంకు నిండగానే ఫ్లోట్ పంపును ఆపేస్తుంది, కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ వాల్వ్ నీళ్లను మూసేస్తుంది.

మెంబ్రేన్ అన్నిటినీ ఆపేస్తుందా?

చాలావాటిని ఆపుతుంది, అన్నిటినీ కాదు. కాల్షియం, మెగ్నీషియం, సల్ఫేట్, సీసం లాంటివి బాగా ఆగుతాయి. సోడియం, క్లోరైడ్ వాటికంటే కొంచెం ఎక్కువ జారిపోతాయి, నైట్రేట్ ఇంకాస్త. ఆర్సెనిక్‌లో రెండు రూపాలున్నాయి, ఒకటి బాగా ఆగుతుంది, రెండోది అంతగా ఆగదు. కరిగిన వాయువులు దాదాపు ఆగవు, అందుకే కుళ్లిన గుడ్డు వాసన వచ్చే బోరుకు కార్బన్ లాంటి వేరే ఏర్పాటు కావాలి. సూక్ష్మజీవులు ఆ పొరను దాటలేవు, కానీ రబ్బరు సీలు వదులైతే పక్కనుంచి జారతాయి. యూవీ కూడా పెట్టేది అందుకే.

## బిగించేటప్పుడు

పై ట్యాంకు నీళ్లకు కలిపితే ప్రెషర్ చాలుతుందా?

పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మూడు మీటర్ల పైన ట్యాంకు ఉంటే మిషన్ దగ్గరికి వచ్చేది 0.3 బార్. దాంతో మెంబ్రేన్ పనిచేయదు, అందుకే మిషన్‌లోనే బూస్టర్ పంపు ఉంటుంది. పంపుకు నీళ్లు నిలకడగా అందితే చాలు. అపార్ట్‌మెంట్ కింది అంతస్తుల్లో మాత్రం ఒత్తిడి ఎక్కువై గొట్టాలు ఊడి వంటిల్లంతా నీళ్లయిన సందర్భాలున్నాయి. అలాంటి చోట ప్రెషర్ తగ్గించే వాల్వ్ పెట్టించండి.

టీడీఎస్ ఎంతకు సెట్ చేయమని చెప్పాలి?

చాలామంది టెక్నీషియన్లు 20, 30కి దించేసి ఎంత ప్యూరో చూడండి అంటారు. అంత తక్కువ అక్కర్లేదు, రుచి కూడా చప్పగా ఉంటుంది. నా అభిప్రాయంలో 80 నుంచి 150 మధ్య హాయిగా ఉంటుంది. కాకపోతే అది ఎలా పెంచుతారన్నది అడగండి. పచ్చినీళ్లు కలిపి పెంచాలంటే ఆ నీళ్లలో ఫ్లోరైడ్, నైట్రేట్ లేవని ల్యాబ్ రిపోర్టు చేతిలో ఉండాలి. లేకపోతే ఖనిజాలు కలిపే మినరల్ కార్ట్రిడ్జ్ పెట్టించుకోండి, లేదా తక్కువ టీడీఎస్ నీళ్లే తాగండి, ఫర్వాలేదు.

మా బోరు టీడీఎస్ 2500. మామూలు మిషన్ పనిచేస్తుందా?

ఇంటి మిషన్లలో చాలావరకు 2000 దాకా అని రాసి ఉంటుంది. అంతకు మించితే మెంబ్రేన్‌కు త్వరగా గార పడుతుంది, నీళ్లు తక్కువ వస్తాయి, ఉప్పదనమూ కాస్త మిగులుతుంది. కొనేముందు ఎక్కువ టీడీఎస్‌కు చేసిన మెంబ్రేన్ అడగండి. కాఠిన్యం కూడా ఎక్కువైతే గార పట్టకుండా చూసే యాంటీస్కేలెంట్ మందు గానీ, ముందు కాఠిన్యాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ గానీ కావాలి. వీధిలో అందరిదీ ఇదే బాధ అయితే పదిళ్లు కలిసి ఒక ప్లాంటు పెట్టుకోవడం చౌక.

## వాడుతున్నప్పుడు

గ్లాసు నీళ్లకు మూడు గ్లాసులు మోరీలోకి పోతున్నాయి. ఇది మామూలేనా?

ఇంటి మిషన్లలో మామూలే. వచ్చిన నీళ్లలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మంచినీళ్లవుతాయి, మిగతావి ఉప్పును కడిగి మోసుకుపోతాయి. ఆ నీళ్లు పారకపోతే ఉప్పు మెంబ్రేన్ మీదే పేరుకుని దాన్ని పాడుచేస్తుంది. అందుకే వేస్ట్ పైపును బిగించేసి నీళ్లు మిగిల్చామనుకోవడం పొరపాటు, కొన్ని నెలల్లో మెంబ్రేన్ మార్చాల్సి వస్తుంది.

మీ మిషన్ లెక్క మీరే చూసుకోవచ్చు. రెండు పైపుల కిందా రెండు చెంబులు పెట్టి ఐదు నిమిషాలు పట్టండి. మంచినీళ్లు లీటరు, వేస్ట్ మూడు లీటర్లు ఉంటే సరే. వేస్ట్ ఐదారు లీటర్లుంటే మెంబ్రేన్ మూసుకుపోయినట్టో, రిస్ట్రిక్టర్ పాడైనట్టో.

ఇక ఆ నీళ్లు మురికివి కావు, కాస్త ఉప్పువి. 600 టీడీఎస్ ఉన్న నీళ్లు నాలుగు లీటర్లు లోపలికి పోయి, 40 టీడీఎస్‌తో లీటరు మంచినీళ్లు వస్తే, మిగిలిన మూడు లీటర్లలో టీడీఎస్ 790 దగ్గర ఉంటుంది. ఇల్లు తుడవడానికి, అంట్లు మొదటిసారి కడగడానికి, బాత్‌రూమ్‌కు, బండి కడగడానికి హాయిగా వాడుకోవచ్చు. సింకు కింద మోరీలోకి పోయే పైపును పక్కనున్న డ్రమ్ములోకి మళ్లించడం పది నిమిషాల పని. మొక్కలకు పోసేముందు మాత్రం మీటర్ పెట్టి చూడండి. వెయ్యి దాటితే కుండీ మొక్కల ఆకుల అంచులు మాడొచ్చు, కొన్నాళ్లకు మట్టి పైన తెల్లటి పొర కనిపిస్తుంది. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఆ నీళ్లు పశువులకు పెట్టకండి.

ఏ ఫిల్టర్ ఎప్పుడు మార్చాలి? టెక్నీషియన్ వచ్చినప్పుడల్లా అన్నీ మార్చమంటున్నాడు.

బయటి క్యాండిల్ మూడు నుంచి ఆరు నెలలు. పారదర్శక గిన్నెలో ఉంటే రంగు చూస్తేనే తెలుస్తుంది. సెడిమెంట్, కార్బన్ ఆరు నెలల నుంచి ఏడాది. మెంబ్రేన్ రెండు మూడేళ్లు. ఇవి సగటు అంకెలే, వాడకాన్ని బట్టి మారతాయి.

మెంబ్రేన్ మార్చాలా వద్దా అన్నది మాటతో కాదు, మీటర్‌తో తేల్చండి. లోపలికి వచ్చే నీళ్ల టీడీఎస్, పచ్చినీళ్లు కలపకముందు మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే నీళ్ల టీడీఎస్ కొలవండి. 800 నుంచి 60కి దిగుతుంటే మెంబ్రేన్ బాగుంది. 800 నుంచి 200కే దిగుతుంటే కాలం తీరింది. కొత్తది పెట్టిన రోజు ఈ రెండంకెలూ మిషన్ తలుపు లోపల రాసి అంటించుకోండి. కార్బన్‌ను మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు, ముఖ్యంగా మున్సిపల్ నీళ్ల ఇళ్లలో. దాని కోసం వందలు మిగిల్చబోతే మెంబ్రేన్‌కు వేలవుతాయి.

పొద్దున్నే మీటర్ పెడితే టీడీఎస్ ఎక్కువ చూపిస్తోంది. మిషన్ పాడైందా?

పాడవలేదు. రాత్రంతా పంపు ఆగి ఉన్నప్పుడు ఒత్తిడి ఉండదు, పొరకు అటున్న ఉప్పు మెల్లగా ఇటు జారుతుంది. పంపు మొదలైన మొదటి అర లీటరులో అది కనిపిస్తుంది, తర్వాత మామూలవుతుంది. మిషన్ ఐదు నిమిషాలు నడిచాక కొలిస్తేనే అసలు అంకె.

డిసెంబరు వచ్చేసరికి నీళ్లు సన్నగా వస్తున్నాయి. ఎందుకు?

నీళ్లు చల్లబడితే చిక్కబడతాయి, పొరను దాటడం మందగిస్తుంది. ఒక్కో డిగ్రీకి సుమారు మూడు శాతం తగ్గుతుంది. చలికాలంలో మాత్రమే ఇలా ఉంటే కంగారు అక్కర్లేదు. ఎండాకాలంలోనూ సన్నగా వస్తుంటే ముందు సెడిమెంట్ ఫిల్టర్ మూసుకుందేమో చూడండి, తర్వాత పంపు, ఆఖరున మెంబ్రేన్.

పండక్కి ఊరెళ్లి వారం తర్వాత వచ్చాం. ట్యాంకులో నీళ్లు తాగొచ్చా?

తాగొద్దు. ఆర్‌ఓ నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి నిలవ ఉంటే బ్యాక్టీరియా పెరగడానికి అడ్డే ఉండదు. ట్యాంకంతా ఖాళీ చేసి, మరోసారి నింపి అదీ వదిలేసి, ఆ తర్వాత తాగండి. మామూలు రోజుల్లో కూడా మూడు నెలలకోసారి ట్యాంకు లోపల శుభ్రం చేయించండి. వేలితో రుద్దితే జిగటగా తగిలిందంటే ఆలస్యమైనట్టే. కుళాయి మూతికి చేతులు, సీసా అంచులు తగలకుండా పట్టుకోండి.

## ఒంటికి, వంటకు

ఆర్‌ఓ నీళ్లలో ఖనిజాలు పోతాయట. ఎముకలు బలహీనపడతాయా?

ఖనిజాలు పోయే మాట నిజం. కానీ మన ఒంటికి కాల్షియం ప్రధానంగా తిండి నుంచే వస్తుంది. ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో కాల్షియం 75 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది. అలాంటి నీళ్లు రెండున్నర లీటర్లు తాగితే వచ్చేది 190 మిల్లీగ్రాముల లోపే. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 1000. పెద్ద గ్లాసు పాలు, 100 గ్రాముల రాగిపిండితో చేసిన సంకటి కలిపితే 600 దాకా వస్తుంది. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు తినేవాళ్లకు ఆర్‌ఓ నీళ్లతో నష్టమేమీ ఉండదు.

తిండి అంతంతమాత్రంగా ఉన్న ఇంట్లో నీళ్లలోని ఆ కాస్త కాల్షియం, మెగ్నీషియం కూడా విలువైనవే. అందుకే నీళ్లు బాగున్న చోట ఆర్‌ఓ వద్దంటాను. మోకాళ్ల నొప్పులు మొదలైతే నీళ్లను నిందిస్తూ కూర్చోకుండా డాక్టరుకు చూపించుకోండి.

మిషన్ పెట్టాక కందిపప్పు త్వరగా ఉడుకుతోంది. నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది. కఠిన నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాల గోడల్లోని పెక్టిన్ అనే జిగురుతో కలిసి గట్టిపడతాయి, ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఆ రెండూ తగ్గితే పప్పు మెత్తగా కలిసిపోతుంది. టీ మీద తెట్టు కట్టడం, కుక్కర్ లోపల తెల్లబడటం కూడా తగ్గుతాయి. గ్యాసు కలిసొస్తుంది. బోరు నీళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ముందు గమనించే లాభం ఇదే.

నీళ్లు కాస్త పుల్లగా, చేదుగా అనిపిస్తున్నాయి. ఎందుకు?

కార్బన్ డయాక్సైడ్ మెంబ్రేన్‌ను దాటి వచ్చేస్తుంది, దాని పులుపును సర్దే బైకార్బనేట్ అనే లవణం ఆగిపోతుంది. అందుకే పీహెచ్ కొంచెం దిగి, పులుపు ఛాయ వస్తుంది. ఒంటికి హాని లేదు. కొత్త మిషన్‌లో చేదు ఉంటే మొదటి రెండు ట్యాంకులు వదిలేయండి. పాత మిషన్‌లో హఠాత్తుగా మొదలైతే ఆఖరి కార్బన్ ఫిల్టర్ మార్చించండి.

కిడ్నీలో రాళ్లు రాకుండా ఆర్‌ఓ కాపాడుతుందా?

రాళ్లకు పెద్ద కారణం నీళ్లు తక్కువ తాగడం. చెమట ఎక్కువ పట్టే మన ఎండల్లో ఇంకా ఎక్కువ తాగాలి. ఉప్పు నీళ్లు నోటికి సహించక తక్కువ తాగేవాళ్లు ఆర్‌ఓ పెట్టాక బాగా తాగుతారు, ఆ విధంగా మేలు జరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు వేరు. అది రాళ్ల జబ్బు కాదు, దాని కారణాన్ని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. కాబట్టి ఇంట్లో ఆర్‌ఓ ఉందన్న ధైర్యంతో అక్కడివాళ్లు రక్త పరీక్షలు మానుకోకూడదు.

చంటిపిల్లకు డబ్బా పాలు కలపడానికి ఈ నీళ్లు వాడొచ్చా?

వాడొచ్చు, కానీ కాచి వాడండి. ట్యాంకులో నిలవ ఉన్న నీళ్లను నమ్మొద్దు. బోరులో నైట్రేట్ ఎక్కువున్న ఇళ్లలో పసిపిల్లలకు పచ్చి బోరు నీళ్లు అస్సలు వాడకూడదు. నైట్రేట్ వల్ల రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలిరంగుకు తిరుగుతుంది. కాచినా నైట్రేట్ పోదు, ఆర్‌ఓ తగ్గిస్తుంది. ఆరు నెలల వరకు తల్లిపాలు తాగే బిడ్డకు విడిగా నీళ్లే అక్కర్లేదు.

జుట్టు ఊడుతోంది. స్నానానికీ ఆర్‌ఓ పెట్టించాలా?

వద్దు. బకెట్ స్నానపు నీళ్లకు మూడు బకెట్లు పారబోయడం ఏ లెక్కనా కుదరదు. సబ్బు నురగ రాకపోవడం, బకెట్‌కు గార పట్టడం లాంటివి కాఠిన్యం వల్ల వచ్చేవి, దానికి ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ సరిపోతుంది.

ఇన్వర్టర్ బ్యాటరీలో ఆర్‌ఓ నీళ్లు పోయొచ్చా?

పోయకండి. ఇంటి ఆర్‌ఓ నీళ్లలో ఇంకా 30, 50 టీడీఎస్ మిగిలే ఉంటుంది. క్లోరైడ్, ఇనుము కొంచెమున్నా బ్యాటరీ పలకలు పాడవుతాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే పోయండి, గుర్తు దాటకుండా.